బెంగళూరు నుంచి వచ్చిన ఫోను

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయి బతికానని అనుకోకండి. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, పిలిచి శాలువా కప్పితే కప్పించుకున్నాను. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. చేసిన తప్పు మనిషిని పాడుచేస్తే అందులో ఏదో న్యాయం ఉన్నట్టు ఉంటుంది. నా తప్పు నన్ను పైకి తెచ్చింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కర్ణాటకలోని చింతామణిలో నాకొక కంప్యూటర్ శిక్షణ కేంద్రం ఉంది. ఇప్పుడు బాగేపల్లిలోనూ, చిక్కబళ్లాపురంలోనూ ఉన్నాయి. గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకుంటే అనుకోండి, ఈ ఒక్క విషయంలో నేను తగ్గను. టమాటా తోటల్లో, పట్టుపురుగుల షెడ్లలో పెరిగిన పిల్లలు ఇవాళ చింతామణిలోనే కూర్చుని ఎక్కడెక్కడి ఆసుపత్రులకో సాఫ్ట్‌వేర్ పరీక్షించి పంపుతున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లి ఆవుకు గడ్డి వేస్తున్నారు. తెల్లారకుండానే బెంగళూరు బస్సుకు పరుగెత్తే పని లేదు. ఇది నేను కన్న కల. నిజం చేసింది మాత్రం నాగవేణి. పేరు మార్చాను, మనిషిని మార్చలేదు.

నాగవేణిది చింతామణి పక్కనే ఒక పల్లె. పట్టుపురుగులు పెంచే రైతు కూతురు. ఇంట్లో తెలుగు, పీయూసీ దాకా, అంటే ఇంటర్ దాకా కన్నడం, మా దగ్గరికి వస్తే తెర మీద ఇంగ్లీషు. ఆ మూడింటి మధ్య మా పిల్లలందరూ తికమకపడేవారు. పాఠం చెప్పడానికి బెంగళూరు నుంచి రప్పించిన మాస్టర్లు ఇంగ్లీషులో గడగడా చెప్పి, మంచి ఉద్యోగం తగలగానే మూడు నెలలకే చెప్పాపెట్టకుండా పోయేవారు. అలా ఒక మాస్టరు రాని రోజున నాగవేణి లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. కంప్యూటర్ ఒకే పనిని మళ్లీ మళ్లీ ఎలా చేస్తుందో ఎవరికీ అర్థం కాక క్లాసంతా బిక్కమొహం వేసుకుని ఉంది.

"మనింట్లో పురుగులకు ఆకేసే మాదిరేప్పా. ఒక తట్టకెయ్యి, పక్క తట్టకు పో. తట్టలు అయిపోతే నిలుపు. అంతే" అంది.

క్లాసు మొత్తానికి ఒక్కసారిగా అర్థమైంది. తలుపు దగ్గర నిలబడి నేనూ విన్నాను. ఇన్నాళ్లూ బయట వెతుకుతున్న మాస్టరు నా బెంచీ మీదే ఉందని ఆ రోజు తెలిసింది. ఆ రోజే ఆమె మీద నాకు ఆశ పుట్టింది. ఆశ అనాలా, దురాశ అనాలా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో మా దగ్గర చదివే ఆడపిల్లలు ఉద్యోగాల దరఖాస్తుల్లో ఇంటి నంబరు రాసేవారు కాదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పొలానికి పోతుంది. కొత్త గొంతు ఆడపిల్ల పేరు చెప్పి అడిగితే ఇంటిల్లిపాదికీ కంగారు. అందుకని అందరూ సెంటర్ నంబరే ఇచ్చేవారు. ఆ ఫోను నా బల్ల మీద ఉండేది. ఎవరికి ఏ కబురు వచ్చినా నా నోటి నుంచే వినాలి. నేను చెప్పిందే కబురు.

నాగవేణి బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లింది. వాళ్ల నాన్నే వెంట తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక నా దగ్గరికి వచ్చి, బిడ్డకు పని దొరికితే హాస్టల్లో తానే దిగబెట్టి వస్తానని మురిసిపోతూ చెప్పాడు. నాలుగు రోజులకు ఫోను వచ్చింది. అమ్మాయి ఎంపికైంది, సోమవారం వచ్చి చేరాలి అని అవతల ఒకావిడ కన్నడంలో చెప్పింది. సరిగ్గా ఆ వారమే మా చివరి మాస్టరు మానేశాడు. కొత్త బ్యాచ్ పిల్లలు చేరి కూర్చున్నారు. నాగవేణి కూడా పోతే తలుపుకు తాళం వేయాల్సిందే. ఇదంతా నేను ఆలోచించి అప్పుడు మాట్లాడానా? లేదు. నోరు ముందే కదిలింది. వాళ్లింట్లో ఆడపిల్లను అంత దూరం పంపరట మేడం, తండ్రి ఒప్పుకోలేదు అన్నాను. ఆవిడ అయ్యో అంది. ఫోను పెట్టేసింది.

మరుసటి రోజు నాగవేణి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"సార్, బెంగళూరు నుంచి ఫోనేమన్నా వచ్చెనా?"

"వచ్చిండాది తల్లీ. ఈసారి కాలేదంట."

"నేనేం తప్పు చేసినానంట సార్?"

"అది చెప్పలేదమ్మా. ఇంగ్లీషు ఇంగా కొంచెం రావల్లంట."

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"కొత్త బ్యాచ్‌కి ఎవురు చెప్తాండారు సార్?"

"నువ్వే చెప్పమ్మా."

చెప్పింది. పదిహేనేళ్లుగా చెబుతూనే ఉంది. ఆమె చెప్పిన పిల్లలు మాస్టర్లయ్యారు, వాళ్లు చెప్పిన పిల్లలు బాగేపల్లిలో సెంటర్ నడుపుతున్నారు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఇప్పుడు మూడు చోట్లకూ ఆమే పెద్ద దిక్కు. నేను కూడా ఆమెను అడగకుండా ఒక్క నిర్ణయం తీసుకోను. పంపనన్నాడని నేను నింద వేసిన ఆ తండ్రి, సంతలో కనబడితే ఈనాటికీ నాకు చేతులెత్తి దండం పెడతాడు.

అదైనా ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ మొదటి రోజున నాగవేణి పిల్లలకు ధైర్యం చెబుతుంది. "నేను మొదటి ఇంటర్వ్యూలోనే ఫెయిలైన దాన్నప్పా. ఏమన్నా చచ్చిపోయినానా? మీకేంటికి భయం?" అంటుంది. పిల్లలు నవ్వుతారు. నేను ఏదో పని ఉన్నట్టు బయటికి పోతాను.

పోయిన నెల హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవి దేశం నుంచి నలుగురు మా సెంటర్ చూడటానికి వచ్చారు. వాళ్ల కష్టం వింటుంటే నా పాత కష్టమే. చదువు నేర్పిన పిల్లలు విమానమెక్కి పోతారు, ఉన్న పనికి బయటి దేశాల వాళ్లను తెచ్చుకోవాలి. మా పిల్లలు పని చేయడం చూసి వాళ్లు నోరెళ్లబెట్టారు. నా ఛాతీ ఉప్పొంగింది, దాచుకోను. అప్పుడు వాళ్లలో ఒకావిడ అడిగింది: మీ మొదటి టీచరు పోకుండా ఎలా ఆపగలిగారు?

నేను నోరు తెరిచేలోపు నాగవేణే నవ్వుతూ జవాబు చెప్పేసింది. ఇంటర్వ్యూలో ఫెయిలయ్యాను కాబట్టి ఉండిపోయాను అంది. అందరూ నవ్వారు. ఆవిడ ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకుంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు.

పశ్చాత్తాపపడుతున్నానా? ఇక్కడే చిక్కుకుంటున్నాను. ఆ ఫోనులో నిజం చెప్పి ఉంటే ఈ సెంటర్ లేదు, ఈ పిల్లలు లేరు. వాళ్లను చూసి గర్వపడకుండా ఉండటం నా వల్ల కాదు. కానీ పోవాలో ఉండాలో తేల్చుకునే హక్కు ఆమెది. అడిగి ఉంటే ఉండేదేమో. నేను అడగలేదు. ఆమె తెలివిని అందరికంటే ముందు గుర్తించానని చెప్పుకునే నేనే, ఆ తెలివి చాలలేదని ఆమెను నమ్మించాను.

ఆ దీవి వాళ్లు మా మొదటి రోజుల గురించి రాసి పంపమన్నారు. ఆ భాగం నన్ను రాయమని నాగవేణి చెప్పింది. రాద్దామని కూర్చుంటే ఇది వచ్చింది. మీకంటే ముందు ఆమెకే ఇస్తాను. చదివాక ఉంటుందో, పోతుందో. క్షమించమని ఇందులో ఎక్కడా రాయలేదు, అడగడానికి నాకు మొహం లేదు. ఒక వాక్యం రాయడానికే ఇంత దూరం వచ్చాను. రాసేస్తే ఊపిరి ఆడుతుంది.

నాగవేణి ఆ ఇంటర్వ్యూలో పాసైంది.