సమాధుల తోటలో సున్నం గీతలు

రెండేళ్ల కిందట, అక్టోబరు మొదట్లో, తిరుపతిలోని ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో జూనియర్ సర్వేయర్‌గా ఉన్న నన్ను పాకాల దగ్గరి ఒక పల్లెకు పంపారు. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. విరమణ అనడానికి వయసు చాలదు కనుక మానేశానని రాస్తున్నాను. పాత చర్చి పక్కనున్న సమాధుల తోటను కొలిచి పటం గీయడం పని. పిలిచింది ఒక వారసత్వ పరిరక్షణ స్వచ్ఛంద బృందం. వాళ్లకు ఒకే రంగు టోపీలు, ఒక బ్యానరు, ఒక కన్వీనర్ ఉన్నారు. చీపురు మాత్రం చర్చిదే.

కన్వీనర్ గారు రిటైరైన లెక్చరర్. ఆయన లెక్కలో వారసత్వమంటే నాలుగు దొరల సమాధులు. మిగతావాటిలో రాతి ఫలకం ఉన్నవి 'స్థానికం', లేని మట్టి దిబ్బలు 'ఖాళీ'. ఖాళీలో పచ్చగడ్డి పెంచి, చూడవచ్చేవారికి బెంచీలు వేయాలని ఆయన పథకం. చూడ్డానికి ఎవరు వస్తారని నేను అడగలేదు. నా హోదాకు ఆ ప్రశ్న లేదు.

దిబ్బల కింద ఎవరున్నారో చెప్పమని రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక ఊరివాళ్లను పిలిచారు. టీ ఇచ్చారు. ఊరు టీ తాగి వెళ్లింది. కూలి పనికి పోయే రత్నమ్మ ఒక్కతే ఆగి, ఈశాన్యం మూలన గుండ్రాయి పెట్టిన దిబ్బను చూపించింది.

"మాయమ్మ ఈడుండాది సార్. మీ పటంలో ఎక్కించుకోండి."

ఫలకం గానీ, మరో ఇద్దరి సాక్ష్యం గానీ ఉండాలని కన్వీనర్ గారు మర్యాదగానే చెప్పారు.

"ఫలకం లేకుంటే మాయమ్మ సచ్చిపోలేదనా? గడ్డేస్తే సమాధుల పండక్కి కొవ్వొత్తి యాడ పెట్టాల సార్?"

ఆయన నియమావళిలో ఆ పేజీ తీసి చూపించారు. పైగా ఈశాన్యం శుభమని మొదటి బెంచీ అక్కడే అనుకున్నారు. వారసత్వానికీ వాస్తు కావాలి కదా.

మర్నాడు టోటల్ స్టేషన్ నిలబెట్టాను. అంటే మూడు కాళ్ల మీద నిలిచి దూరాన్నీ కోణాన్నీ కొలిచే యంత్రం. ఏ దిబ్బ ఎక్కడుందో గుర్తించడానికి తోటను చదరపు గళ్లుగా విడదీయాలి. మూలమూలకూ మేకు కొట్టించి, ఎర్రగుడ్డ కట్టించి, మేకుకూ మేకుకూ మధ్య సున్నప్పొడితో గీత పోయించాను. పద్ధతి ప్రకారం దోషం లేని పని. అయితే తిరుపతి చుట్టుపక్కల ఏ పొలంలోనైనా ఎర్రగుడ్డల మేకులు, సున్నం గీతలు కనబడితే జనం దాన్నేమనుకుంటారో నా డిప్లొమాలో చెప్పలేదు.

టిఫిన్ వేళకు ఊరంతా గేటు దగ్గరుంది.

"గజం ఎంతకిస్తా ఉండారబ్బా?"

"సచ్చినోళ్ల నెత్తిన ప్లాట్లేస్తారా? కాణిపాకం రోడ్డెంబడి ఏసినయి సాల్లేదా మీకు?"

ఇది వెంచర్ కాదని కన్వీనర్ గారు బ్యానరు చూపించారు.

"బ్యానరు లేని వెంచర్ యాడుండాదప్పా!" అన్నాడొక పెద్దాయన.

అంతే, అందరూ లోపలికొచ్చి ఎవరి దిబ్బ పక్కన వాళ్లు చతికిలబడ్డారు. లేవమంటే పేర్లు చెప్పారు. తాత, మేనత్త, పురిట్లో పోయిన బిడ్డ. ఒకాయన పక్క దిబ్బ వైపు కొంచెం జరిగితే, "మీ నాయన అంత పొడుగు లేడులే, అట్ల జరుగు," అని ఆ దిబ్బ వాళ్లు సరిచేశారు. రెండు వారాల టీ రాబట్టలేని సమాచారాన్ని కాస్త సున్నం రాబట్టింది. నేను రాసుకుంటూ పోయాను.

రత్నమ్మ గుండ్రాయి దగ్గర కూర్చుని ఉంది. అటు దిబ్బ వాళ్లూ ఇటు దిబ్బ వాళ్లూ, "అది ఆయమ్మోళ్ల అమ్మదే, గుంత తవ్వింది మేమే," అన్నారు. సాక్షులు ఇద్దరు. కన్వీనర్ గారు తన నియమాన్ని తానే ఒకసారి చదువుకుని, పేరు రాయమన్నారు.

పటం పూర్తయింది. 'ఖాళీ'కి కేటాయించిన రంగు, పటం మూలనున్న రంగుల సూచికలోనే మిగిలింది, పటంలో ఎక్కడా లేదు. బెంచీలను గేటు బయట వేశారు. వాటిని ఊరి మేకలు సద్వినియోగం చేసుకుంటున్నాయి.

సర్వేకు ముందు గ్రామస్థులకు సమాచారం ఇవ్వాలన్నది నిబంధన. సమాచారం ఇస్తే ఎవరూ రారు, మేకు కొడితే అందరూ వస్తారు. అందుకని, పటంలో ఏ జాగానైనా ఖాళీ అని రాసేముందు అక్కడొక మేకు కొట్టి, ఒక పూట ఆగాలి.