చెయ్యిదే తప్పన్నాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మరీ పెద్ద బరువేం కాదు. దుకాణం బాగా నడుస్తోంది, నిద్ర పడుతోంది, పొట్ట కూడా పెరిగింది. అయినా ఇవాళ మీతో చెప్పాలి. ఎందుకంటే దాన్ని మోస్తున్నది నేనొక్కణ్ణే కాదు.

మనవాళ్లు మగ్గాల పనికి వలసొచ్చే ఉధ్నాలో నాది కంప్యూటర్ మానిటర్ల దుకాణం. మా నాయన, బాబాయిలు చీరలమ్మారు. జరీ పైమడతలో కనబడాలి, లోపం లోపలి మడతలో ఉండాలి. ఓనమాలకన్నా ముందు నేను నేర్చిన పాఠమిది. మానిటర్‌కి మడత ఎక్కడిదంటారా? ఉంది. డబ్బా మీద "ఒక మిల్లీసెకను" అని పెద్దక్షరాల్లో రాస్తారు. అది తెర మీద చుక్క రంగు మారే వేగం. మౌస్ నొక్కాక ఆటలో తుపాకీ తెర మీద పేలడానికి పట్టే ఆలస్యం వేరే. దాన్ని డబ్బా మీద రాయరు, అడిగేవాళ్లూ తక్కువ.

అప్పట్లో టీవీ ప్యానెళ్లకు ఎర్ర లైట్లు తగిలించి, గేమింగ్ పేరు పెట్టిన సరుకు కొంత నా దగ్గర దిగింది. బొమ్మకు మెరుగులు దిద్దుకుని, తీరిగ్గా అప్పుడు చూపించే రకం. చూస్తే కళ్లు జిగేల్‌మనేవి, ఆడితే ఎద్దుబండి. తెలిసే అమ్మాను. ఒకటి నరేష్‌కి అమ్మాను. పేరు మార్చాను లెండి.

నరేష్‌ది జగిత్యాల వైపు. పక్కనే డిండోలిలో గది, సాంచెల మీద, అంటే మరమగ్గాల కార్ఖానాలో పని. ఇంకో నలుగురితో కలిసి తుపాకుల ఆట ఆడేవాడు. వాళ్ల జట్టుకు ఇక్కడే ఊళ్లో ఒక పోటీలో చోటు దొరికింది. ఆ పోటీ కోసమే మానిటర్ కొన్నాడు. పది రోజులకు తిరిగొచ్చాడు.

"అన్నా, ఏందో లేటైతున్నది. నేను నొక్కినంక జరసేపటికి పేలుతున్నది. గంతల నేనే సస్తున్న."

మెనూలో గేమ్ మోడ్ పెడితే ఆ ఆలస్యం చాలావరకు పోయేది. నాలుగు నొక్కుల పని. కానీ మెరుగులు ఆగితే రంగులు వెలిసిపోతాయి. వాడు మురిసి కొన్నది ఆ రంగులనే. వెంటనే వాపసు తీసుకోమంటాడు. ఇదంతా నా బుర్రలో చిటికెలో తిరిగింది. ఆ రోజు దుకాణంలో ఆలస్యం లేకుండా పనిచేసింది నా దొంగబుద్ధి ఒక్కటే.

"మానిటర్ ఏం జేస్తది తమ్మీ? నీ చెయ్యే లేటు," అన్నాను.

"నా చెయ్యా? సాంచె మీద పోగు తెగితే అందరికన్న ముందు ముడేసేది నేనే గదన్నా!"

"పోగు వేరు, గేమ్ వేరు. పొద్దంత సాంచెల కాడ నిలవడితే చెయ్యి గిట్లనే మొద్దువారుతది."

వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. నమ్మాడు. ఎందుకు నమ్మాడు? నేను పెద్దవాణ్ణనీ, మన భాష మాట్లాడేవాణ్ణనీ. వేరే దుకాణంలో అయితే పోట్లాడి ఉండేవాడు.

పోటీకి వెళ్లలేదు. తన వల్ల జట్టు ఓడకూడదని చోటు ఇంకొకడికి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆటే మానేశాడు.

ఇప్పుడు బాగానే ఉన్నాడు. పెళ్లయింది, కార్ఖానాలో మేస్త్రీ అయ్యాడు. నాకు గిరాకీలు కూడా తెస్తాడు. తెచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట: "మానిటర్ అన్న కాడ కొను, మంచి చెయ్యి మాత్రం నువ్వే తెచ్చుకో!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఎందుకు చెప్పలేదు? గిరాకీ పోతుందనా? మొదట్లో అంతే. ఇప్పుడైతే, చెబితే "పోనీ తియ్యన్నా" అనేస్తాడనీ, నేను అంత చవగ్గా బయటపడ్డాక వాడు ఇంటికెళ్లి ఆడకుండా పోయిన ఆ ఆట గురించి ఒంటరిగా ఆలోచించుకుంటాడనీ భయం. ఇదైనా నిజమేనా, నాకు నేను అమ్ముకుంటున్న సరుకా? తేల్చుకోలేకపోతున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగితే అక్కడా బేరమాడతాను.

వాడి చెయ్యి లేటు కాదు. అంత చురుకైన చెయ్యి నా దుకాణంలోకి మళ్లీ రాలేదు. లేటు నేనమ్మిన తెరది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.

ఇది నరేష్ చదివితే, పేరు మార్చినా తన మాటల్ని తను పోల్చుకుంటాడు. అందుకే వాటిని మార్చలేదు. పోల్చుకోనీ. చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది.