చేతుల మీద కూర్చున్న పెద్దక్క

ఆ రోజుల్లో నేను మాట్లాడితే రెండు వీధులకు వినపడేది. ఇప్పుడంటే మా షాపు పులివెందుల బ్రాంచికి మేనేజర్నయ్యానని కాస్త మెల్లగా మాట్లాడుతున్నాను గానీ, డిగ్రీ అవగానే ప్రొద్దుటూరులో చీరల షాపులో చేరిన కొత్తలో మెల్లగా మాట్లాడటమంటే ఏమిటో నాకు తెలియదు. మాది రాజుపాలెం దగ్గర పల్లె. మా నాయనకు గొర్రెల మంద ఉండేది. సెలవులన్నీ దాని వెనకే తిరిగినదాన్ని, ఆ గట్టున మేసే గొర్రెను ఈ గట్టు నుంచి అదిలించిన గొంతు నాది. అదే గొంతుతో "రాండి, కూర్చోండి" అంటే వచ్చినవాళ్లు కూర్చోవడం మాని ఉలిక్కిపడేవారు. పైగా వాళ్లు నోరు తెరవకముందే చీరలన్నీ లాగి గుట్ట పోసేదాన్ని. అదే హుషారనుకున్నాను. మడతలు పెట్టేవాళ్లు నన్ను తిట్టుకోవడం నాకు వినపడేది కాదు (నా గొంతే అడ్డం).

కొన్నాళ్లు ఓర్చుకున్న ఓనరు, ఈ పెళ్లిళ్ల సీజన్లో ఒక్క పెళ్లి బేరమన్నా సొంతంగా చేస్తే సరి, లేదంటే ఇంటికి పొమ్మన్నాడు. ఇంటికంటే మళ్లీ మంద వెనకకే. షాపులోని ఆ చల్లదనం, కొత్త పట్టు వాసన, మొదటి జీతం రోజు మా అమ్మ ముఖం, ఇవన్నీ వదులుకోవాలంటే నాకు ఏడుపొచ్చింది.

నన్ను పెద్దక్కకు అప్పగించారు. ఆమె పట్టుచీరల సెక్షన్ మేనేజరు, షాపులో అందరికీ పెద్దక్కే. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేది. బక్కపలచని మనిషి, ఎవరినీ గద్దించగా చూడలేదు. అలాంటి మనిషి మొట్టమొదట చేసిన పని, నన్ను చీరల దగ్గర్నుంచి తీసేసి, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చే పనిలో పెట్టడం. శిక్షనుకుని బాత్రూంలోకి పోయి ఏడ్చాను (అదీ గట్టిగానే ఏడ్చానట, షాపంతా విన్నారు).

సాయంత్రం జనం పలచబడ్డాక నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, ఈ రోజు వచ్చినవాళ్లలో ఎవరి మాట చెల్లిందని అడిగేది. పెళ్లికూతురిదంటే, ఎట్లా చెబుతున్నావనేది. వాళ్లమ్మదంటే మళ్లీ అదే ప్రశ్న. తప్పో ఒప్పో చెప్పేది కాదు. చివరికి విసుగెత్తి, "నాకేం తెలుసక్కా, నాకు తెలిసింది గొర్రెలే" అన్నాను.

పెద్దక్క ముందుకు జరిగింది. "మందలో ముందు ఏది కదుల్తాదో నీకెట్ల తెలుస్తాది?"

"చెవులు చూస్తామక్కా. కదిలేదానికి ముందే చెవి తిరుగుతాది."

"మనుషులకు చెవులు తిరగవు. చేతులు చూడు, పాప."

మరుసటి రోజు నీళ్లిస్తూ చేతులు చూశాను. చూసి నోరు తెరిచేశాను. "బాగలేదు" అంటున్న ఆవిడ వేలు జరీ మీదే ఉంది. "బాగుంది" అంటున్న ఆవిడ చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని ఉన్నాయి. ఇంత సంగతి నా కళ్ల ముందే రోజూ జరుగుతుంటే నేను దాని మీద అరుచుకుంటూ కూర్చున్నానన్నమాట. నాలోనే ఉన్న విద్యను నాకే చూపించిన ఆ బక్క మనిషి ఆ రోజు నా కంటికి కొండంత కనపడింది.

ఒక ఉదయం జమ్మలమడుగు వైపు నుంచి టెంపో నిండా పెళ్లివాళ్లు దిగారు. పెళ్లికూతురు, వాళ్లమ్మ, అత్తలు, చిన్నమ్మలు, వెనకాల గోడకానుకుని పెళ్లికూతురి జేజి, అంటే నాయనమ్మ. చీరలు నన్నే చూపించమని చెప్పి పెద్దక్క స్తంభం పక్కన కూర్చుంది. నేర్చుకున్నదంతా ఎటుపోయిందో, పాత హుషారు పూనింది. చేతికందిన మొదటి చీర లాగి ఝాడించి పరిచాను. నల్లంచు! పెళ్లి బట్టలకొస్తే మొదటి చీరే నల్లంచు పరిస్తే మా సీమలో ఇంకేమన్నా ఉందా?

"లేయండి. ఈడొద్దు" అంది జేజి.

ఒక్కసారిగా అందరూ లేచారు (మన్నించాలి, అచ్చం మందలాగే). గల్లాపెట్టె దగ్గర ఓనరు సగం లేచాడు. పెద్దక్క ఆయనను చూసి అడ్డంగా తల ఊపింది. తను మాత్రం కదల్లేదు. నా ఉద్యోగం మెట్లు దిగిపోతుంటే ఈమె చూస్తూ కూర్చుందేమిటని ఒళ్లు మండింది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. నా జన్మలో అదే మొదటిసారి.

మాట రాకపోయేసరికి చూడక తప్పలేదు. జేజి ఒక చేత్తో గోడ పట్టుకుని లేస్తోంది. రెండో చెయ్యి మాత్రం పక్క వరసలోని పసుపుచీర మీద ఆగింది. బొటనవేలు దాని ఎర్రంచును రుద్దుతోంది. నేను ఆ చీర తీసి, ఒక్క మడత విప్పి ఆమె ముందు పట్టుకున్నాను. తర్వాత నీళ్లు తెచ్చిచ్చాను. జేజి కూర్చుని తాగింది. తాగి, "పాప భుజం మీద ఎయ్, చూస్తాం" అంది. అందరూ కూర్చున్నారు. మధ్యాహ్నం పెళ్లి బట్టలన్నీ కొనేదాకా లేవలేదు.

వాళ్లు వెళ్లాక పెద్దక్క దగ్గరకు పోయి, నా ఉద్యోగం పోయుంటే ఏం చేసేదానివని నిలదీశాను. ఆమె తొడల కింద నుంచి చేతులు బయటికి తీసింది. పరుపు కుట్లు రెండు చేతుల మీదా ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. అంతసేపూ తన చేతుల మీదే కూర్చుంది!

"నేను లేసింటే చీర నేనే అమ్మింటాను. రేపు మళ్లా నువ్వు నా దిక్కే చూస్తావు" అంది. "కూర్చునేదే శానా కష్టమమ్మి."

మొన్న మా బ్రాంచిలో కొత్తగా చేరిన అమ్మాయి పెళ్లివాళ్లకు చీరలు గుట్ట పోస్తుంటే నేనూ చేతుల మీద కూర్చున్నాను. బేరం పోయింది. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు నాకు బాగా తెలిసిన చూపే. సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి అడగాల్సినవి అడిగాను. తర్వాత ఆగలేక పెద్దక్కకు ఫోన్ చేశాను. ఆమె పని మానేసి జమ్మలమడుగులోనే ఉంటోంది. నేర్చుకున్న నెమ్మదితో జరిగిందంతా చెప్పాను.

"ఏందమ్మి, ఏమీ వినపడల్యా. చెవులు మందగించినాయి. నీ పాత గొంతుతో చెప్పు."

లేచి నిలబడి చెప్పాను. షాపంతా ఉలిక్కిపడింది. ఫోన్లో పెద్దక్క నవ్వుతోంది.