చాందినీ దగ్గర నిద్రపోయిన మనిషి

నా భర్త ఓబుళపతి గారు గత మాసం పరమపదించారు. బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునేదాన్ని కనుక, అనంతపురంలో ఎందరి సంతాప సభలకో ప్రసంగ పాఠాలు రాసిచ్చాను. హఠాన్మరణం, తీరని లోటు, అశ్రునివాళి వంటి మాటలు నా కలానికి కొట్టిన పిండి. తీరా నా ఇంటికే వాటి అవసరం వచ్చేసరికి ఒక్కటీ ఆయనకు సరిపోవడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆనాడు మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి సంధులు చెబుతుండగా మా మరిది శివయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. స్కూటరు మీద వచ్చిన చెమట ముఖం నిండా ఉంది.

"వదినా, బిరీన రా. అన్న కొట్టంలో పండుకున్నోడు లేయలేదు."

"పండుకుంటే పండుకోనీలే. ఆడ పండుకునేది ఆయనకు కొత్తనా?" అన్నాను. కొట్టం మాట ఎవరెత్తినా నాకు కోపం పొడుచుకువచ్చేది.

శివయ్య తల దించుకున్నాడు. "అది కాదు వదినా. అన్నకు ఊపిరి లేదు. గుర్రం మమ్మల్ని దగ్గరికి రానీడంల్యా."

రాప్తాడు దారిలో ఉన్న మా ఇంటికి చేరేసరికి పెరటి కొట్టం ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల గోనెపట్టాల మీద ఆయన పక్కకు ఒరిగి ఉన్నారు. ముఖంలో బాధ లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని వైద్యుడు తరువాత చెప్పాడు. ఆయనకు అడ్డంగా మా గుర్రం చాందినీ నిలబడి ఉంది. ఎవరు గడప దాటబోయినా చెవులు వెనక్కి వాల్చి గిట్టతో నేలను కొడుతోంది. జనాన్ని తప్పించుకుని నేను ముందుకు వెళ్లాను. అది నన్ను చూసింది, గుర్తుపట్టింది, నాకూ దారి ఇవ్వలేదు. అగ్నిసాక్షిగా పెళ్లాడిన భర్త పార్థివ దేహాన్ని తాకడానికి ఒక గుర్రం అనుమతి కోసం నిలబడవలసి వచ్చింది. ఆ క్షణంలో దుఃఖం కన్నా ముందు నన్ను కమ్ముకున్నది అసూయ. చివరకు దాని పాత యజమాని మహబూబ్‌ను పిలిపిస్తే, అతను వచ్చి ఏదో గొణుగుతూ మెడ నిమిరి పక్కకు నడిపించాడు. అప్పుడు గాని నేను ఏడవలేకపోయాను.

ఓబుళపతి గారిది యాడికి ప్రాంతంలో పేరుమోసిన భూస్వాముల కుటుంబం. ఆరడుగుల విగ్రహం, గంభీరమైన కంఠం. వాన మొహం చాటేసిన ఏళ్లలో తన పొలం బావిని ఊరందరికీ వదిలేసిన మనిషి. తగాదా తీర్చమని వచ్చినవాళ్లకు ముందు అన్నం పెట్టించేవారు. "కడుపు కాలినోనికి న్యాయం చెప్తే అది వాని చెవికెక్కదు" అనేవారు. ఇవన్నీ లోకానికి తెలిసినవే. తెలియనిది ఒక్కటే. ఆయనకు నిద్ర లేదు.

పెళ్లైన కొత్తలో అది సిగ్గనుకున్నాను. తరువాత నా మీద అయిష్టమేమో అనుకున్నాను. నా పక్కన కాసేపు నడుము వాల్చేవారు, నాకు కన్ను అంటుకోగానే లేచి వెళ్లి వసారాలో కుర్చీ వేసుకునేవారు. వీపు గోడకు, ముఖం వాకిలికి. అలాగే కూర్చుని కునుకు తీసేవారు. పిల్లి నడిచినా కళ్లు తెరిచేవారు. చాలాకాలానికి, ఒక ఉదయం కాఫీ తాగుతూ, నేను అడగకుండానే చెప్పారు.

"కళ్లంలో నేనూ మా నాయనా మంచాలేసుకుని పండుకున్న్యాం. తెల్లారుజామున వచ్చినారు. నాది మొద్దు నిద్దర అప్పట్లో. నేను లేసేతలికి అంతా అయిపోయిండాది. పక్క మంచమే."

ఊరి ముఠా కక్షల్లో తండ్రిని పోగొట్టుకున్న ఆయన తిరిగి కత్తి పట్టలేదు. పొలం పెద్ద తమ్ముడికి అప్పగించి, నన్నూ చిన్నవాడు శివయ్యనూ తీసుకుని పట్టణం అంచుకు వచ్చి నూనె మిల్లు పెట్టుకున్నారు. పగ వదిలారు గాని, నిద్ర మాత్రం ఆయన దగ్గరికి తిరిగి రాలేదు. మాకు సంతానం లేదు. ఉంటే వాళ్ల తలల దగ్గరా కుర్చీ వేసుకుని కూర్చునేవారేమో.

పట్టణంలో ఆటోలు పెరిగి జట్కాలు ఒక్కొక్కటీ మూలన పడుతున్న రోజుల్లో చాందినీ మా జీవితంలోకి వచ్చింది. రైల్వే స్టేషను ముందు మహబూబ్ జట్కాకు కట్టి ఉన్న గోధుమరంగు ఆడగుర్రం అది. మా ఆయన చూస్తుండగానే నిలబడినచోటే ముందుకాళ్లు మడతపడి కూలబడింది. వెంటనే ఉలిక్కిపడి లేచింది. మోకాళ్ల మీద చర్మం అంతకుముందే చీకిపోయి ఉంది.

"దీనికి ఫిట్సు సాబ్. తోడు గుర్రం సచ్చిపోయినప్పటి నుంచి ఇంతే. కసాయోడు అడగతాండాడు, నాకు మనసొప్పడంల్యా" అన్నాడు మహబూబ్.

ఆయన దాన్ని ఇంటికి తోలుకువచ్చారు. చూడ్డానికి వచ్చిన పశువైద్యుడు చాలాసేపు పరీక్షించి, ఇది మూర్ఛ కాదన్నాడు. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, కాళ్ల కీళ్లు బిగిసి దాన్ని నిలబెడతాయి. కాని అసలు నిద్ర పట్టాలంటే కొద్దిసేపైనా నేల మీద పడుకోవాలి. మందలో ఒకటి కాపలా నిలబడితేనే మిగతావి పడుకుంటాయి. తోడు పోయాక ఇది భయంతో పడుకోవడం మానేసింది. అణచిపెట్టిన నిద్ర నిలబడి ఉన్నప్పుడే ముంచుకువచ్చి పడదోస్తోంది. ఇదీ ఆ వైద్యుడు చెప్పిన సంగతి.

మా ఆయన గట్టిగా నవ్వారు. "అట్లయితే డాక్టరూ, దీనిదీ నాదీ ఒకటే జబ్బు."

అది మొదలు ప్రతి మధ్యాహ్నం మిల్లు నుంచి రాగానే కొట్టంలోకి వెళ్లి గోడ వారన కూర్చునేవారు. చాందినీ కొన్నాళ్లు ఆయనను గమనిస్తూ, ఒక వెనుకకాలు వదులుగా మడిచి, నిలబడే కునికేది. తరువాత ఒకనాడు నేలను వాసన చూసి, చుట్టూ తిరిగి, మెల్లగా ఒరిగింది. ఆయన పిల్లాడిలా గుమ్మం దగ్గరకు వచ్చి నన్ను పిలిచారు. "చప్పుడు చెయ్యాకు. చూడు, ఎట్ల పండుకుందో!" చాందినీ పక్కకు పూర్తిగా వాలి కాళ్లు చాపింది. పెదవులు అదురుతున్నాయి. కలలో పరిగెత్తుతోందేమో, గిట్టలు కదులుతున్నాయి. ఆయన కళ్లలో నీళ్లు. మా పెళ్లిలో కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు నేను.

అక్కడితో ఆగితే బాగుండేది. కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం మజ్జిగ ఇద్దామని వెళితే కొట్టంలోంచి గురక వినిపించింది. చాందినీ లేచి నిలబడి ఉంది. ఆయన గోనెపట్టాల మీద వెల్లకిలా, నోరు తెరిచి, ఒళ్లు మరిచి నిద్రపోతున్నారు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంతకాలం కాపురం చేసి ఒక్కసారైనా వినని గురక అది. చాందినీ నా వైపు ఒక చెవి తిప్పింది. ఆ చెవిని మెలిపెట్టాలనిపించింది.

ఇక నా అసూయకు ప్రతిదీ మేతే అయింది. నన్ను "ఏమే" అని పిలిచే మనిషి దాన్ని "ఏమమ్మా" అనేవారు. కరువుకు వేరుశనగ కట్టె కూడా దొరకని ఏడాది తనే తిరిగి ఎక్కడెక్కడినుంచో మేత తెప్పించారు. నాకు జ్వరం వస్తే మాత్రం మాత్రలు శివయ్య తెచ్చాడు. దానికి ఉలవలు ఉడికిస్తే ఉప్పు సరిపోయిందా అని రుచి చూసి మరీ పెట్టేవారు. నా వంట గురించి ఎన్నడూ ఒక్క మాట అని ఎరుగరు.

ఒకసారి పని మీద ఆయన హైదరాబాదు వెళ్లారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఆయన కూర్చునే చోటే నేనూ కూర్చున్నాను. నా దగ్గర ఎందుకు పడుకోదో చూద్దామన్నది పంతం. చాందినీ వచ్చి తువ్వాలును వాసన చూసింది. నా ముఖాన్నీ చూసింది. ఫుర్రుమని తుమ్మి తల అటు తిప్పుకుని నిలబడింది. ఎండ వాలేదాకా అది నిలబడే ఉంది, నేను కూర్చునే ఉన్నాను. మధ్యలో నేనే నిద్రపోయానని శివయ్య ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

ఎన్నికల ముందు యాడికి నుంచి బంధువులు జీపుల్లో వచ్చారు. తండ్రి పేరు నిలబెట్టాలని, నిలబడితే గెలుపు ఖాయమని పట్టుబట్టారు. ఒక పెద్దాయన, "నీ రక్తం సల్లబడిందా ఏమప్పా?" అని కూడా అన్నాడు. ఆయన అందరికీ భోజనాలు వడ్డించి, చేతులు కడుక్కునేదాకా ఆగి చెప్పారు: "ఇన్నేండ్లకు నాకు నిద్దర దొరికిండాది. దాన్ని చెడగొట్టొద్దండప్పా." వాళ్లు నవ్వుకుంటూ జీపులెక్కారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నిద్ర ఎవరిచ్చారో నాకు తెలుసు గనుక.

ఆ ఆదివారం ఆగలేక అడిగేశాను. ఎన్నడూ ఏకవచనంతో పిలవని నేను ఆ పూట గడప మీద నిలబడి, "ఇన్నేండ్లు నీ పక్కన పండుకున్న్యా. నన్ను నమ్మి ఒక్క దినం కన్ను మూయకపోతివి. నిన్న వచ్చిన గుర్రాన్ని నమ్మితివి. నేను పరాయిదాన్నా?" అన్నాను.

ఆయన గుర్రం ఒళ్లు తోముతూనే బదులిచ్చారు. "నీకు దిండు తగిలితే సాలు, పిడుగు పడినా లేయవు. దీనికి చీమ నడిచినా చెవి తిరగతాది. డాక్టరు చెప్పినాడు గదా, ఒకటి నిలబడుకుంటేనే కడమవి పండుకుంటాయని. మనింట్లో పండుకునేది నువ్వు, నిలబడుకునేది నేను. నీకేం తక్కువైందే?"

నా నిద్రను ఎగతాళి చేశారని రెండు రోజులు మాట్లాడలేదు నేను.

కర్మకాండ ముగిసేనాటికి చాందినీ మళ్లీ కూలబడడం మొదలుపెట్టింది. మోకాళ్లు పగిలాయి. "అమ్మేద్దాం వదినా, దాన్ని చూస్తే నీకు మంట గదా" అన్నాడు శివయ్య. మంటే, అయినా ఉండనీ అన్నాను. మహబూబ్‌కు కబురు పంపితే, "అమ్మా, దానికి తోడు గావల్ల. మనిషే గావల్లనేం లేదు" అని ఎక్కడినుంచో ఒక ముసలి గాడిదను తోలుకువచ్చి కట్టేశాడు. ఓబుళపతి గారి చోట గాడిద! నా ఒళ్లు మండింది. అంతటి మనిషి కోసం చాందినీ ఏళ్ల తరబడి నిలబడి దుఃఖిస్తుందని, ఏ తోడునూ ఒప్పుకోదని నేను నమ్మాను. ఆ నమ్మకంతోనే రోజూ మధ్యాహ్నం వెళ్లి చూసేదాన్ని.

వారం తిరగకుండానే చాందినీ పడుకుంది. గాడిద చెవులు నిక్కించి నిలబడి ఉంటే, అది నాలుగు కాళ్లూ చాపి, పెదవులు అదురుతూ, హాయిగా నిద్రపోయింది. గుమ్మం పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. దాని మీద నేను పడిన అసూయ అంతా ఒక ఎత్తు, ఆ పూట పడింది ఒక ఎత్తు.

ఎందుకంటే ఇప్పుడు నాకు నిద్ర లేదు. తలుపు కిర్రుమన్నా మెలకువ వస్తోంది. ఎవరో వచ్చారని లేచి కూర్చుంటాను, ఎవరూ ఉండరు. మొద్దు నిద్ర నా స్వభావమనే ఇంతకాలం అనుకున్నాను. అది ఒక మనిషి తన నిద్ర మానుకుని నాకు ఇచ్చినదని ఆయన వెళ్లిపోయాక తెలిసింది. చాందినీకి లోకంలో ఇంకొకరు దొరికారు. నాకు దొరకరు, వెతకను కూడా.

నన్ను నిద్రపోనిచ్చిన మహానుభావుడికి నమస్కరిస్తున్నాను.