పత్తి డ్రమ్ములో సముద్రం

మా ఆవిడ తమ్ముడు చెన్నైలో ఉద్యోగం చేస్తూ ఒకసారి రెండు సముద్రపు చేపల్ని తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. నారింజ రంగు, ఒంటి మీద తెల్ల పట్టీలు, నా బొటనవేలంత పొడుగు. గుంటూరులో మా ముందు గదిలోని చిన్న గాజు తొట్టే వాటి ఇల్లు. మేత, ఉప్పు నీళ్లు, ఎస్టీడీ బూతుకెళ్లి తమ్ముణ్ణి సలహా అడగడం, అన్నీ ఆమే చూసుకునేది. నా వంతు కబుర్లు. తుఫాను ముందు రోజు ఇవి తలకిందులుగా ఈదుతాయని చెబితే వీధిలో సగం మంది నమ్మారు.

"గోడలకు రాసుకుంటున్నాయండి, పెద్ద తొట్టి కావాలి" అందావిడ. మంచమంత తొట్టి చేయించాను. దానికి సరిపడా నీళ్లు సూర్యలంక తీరంలో పడవెక్కి నడిసముద్రంలో తోడుకొస్తానని వీధి వీధంతా చాటాను.

మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తోలే నా స్నేహితుడి ట్రాలీ ఆటోలో బయల్దేరాం. డ్రమ్ములు సత్తెనపల్లి దగ్గర మా అన్నయ్య చేలోవి, పత్తికి పురుగుమందు కలిపేవి. మా వైపు అలాంటి డ్రమ్ముల్ని కడిగి పెళ్లిళ్లలో చేతులు కడుక్కునే నీళ్లకు పెట్టడం మామూలే. నేనూ సబ్బు పెట్టి రుద్ది, ఎండబెట్టాను. పడవ మాత్రం ఎక్కలేదు. మోకాలి లోతులో నిలబడి బకెట్టుతో తోడుతుంటే అల వచ్చి పడేసింది.

"నడిసముద్రం ఇదేనట్రా?" అని నా స్నేహితుడు ఒడ్డున పడీపడీ నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి ఇరుగుపొరుగు ముందు గదిలో చేరారు. మా ఆవిడ అప్పటికే చేపల్ని, రాళ్లని, వాటితోపాటు తొట్టిలో పెరిగే, శంఖాల్లో దూరి బతికే శంఖు పీతల్ని పాత నీళ్లతో సహా బకెట్లలోకి మార్చింది. నేను స్టూలెక్కి, చేత్తో మగ్గు పట్టుకుని, పడవ ఎలా ఊగిందో చెబుతున్నాను. నా స్నేహితుడు సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆవిడ డ్రమ్ములో వేలు ముంచి వాసన చూసింది.

"డ్రమ్ములెక్కడివండి?"

"కొత్తవే" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కథ మధ్యలో ఉన్నాను, నోరు దాని పాటికది అనేసింది.

ఆవిడ ఆ నీళ్లు కాసిని స్టీలు బేసిన్లో పోసి ఒక శంఖు పీతను అందులో వదిలింది. "ముందు దీన్ని చెప్పనివ్వండి" అంది.

పీత కాసేపు ముడుచుకుంది. తర్వాత శంఖం వదిలేసి మొత్తం బయటికొచ్చింది. కాళ్లు వణికాయి, ఆగిపోయాయి.

"అయ్యో, చచ్చిపోయిందే!" అంది పక్కింటావిడ.

"డ్రమ్ములు వీళ్లన్నయ్య పత్తి చేలోవి వదినా" అన్నాడు నా స్నేహితుడు, నేల చూస్తూ.

కడిగానే, అందామనుకున్నాను. ఆ రోజుకు నా దగ్గరున్న నిజం అదొక్కటే. ఇంకా స్టూలు మీదే ఉన్నాను. దిగాలంటే అందరి మధ్యలోకి దిగాలి.

"నమ్మి పోసుంటే ఏమయ్యేదమ్మా?" అన్నాడు ఎదురింటి పెద్దాయన.

"ఈయన మాట మీద నేనెప్పుడేం పోశాను గనక!"

కోపంగా అనలేదు, కూర రుచి చెప్పినట్టు అంది. అందరూ నవ్వారు. తిట్టి ఉంటే ఏదో ఒకటి అల్లి తప్పించుకునేవాణ్ణి. ఆవిడ నన్ను నమ్మకపోవబట్టే చేపలు బతికాయి. ఆ సంగతి గదిలో నాకు తప్ప అందరికీ ఎప్పట్నుంచో తెలిసినట్టే ఉంది.

మర్నాడు ఖాళీ మంచినీళ్ల క్యాన్లతో మళ్లీ సముద్రానికి వెళ్లాం. ఆవిడా వచ్చింది. ట్రాలీలో మిగిలిన మిర్చి ఘాటుకు తుమ్ముతూ, ప్రతి క్యానూ తనే కడిగి నాకు అందించింది. అదే మోకాలి లోతు. ఇంటికొచ్చాక మళ్లీ బేసిన్, మళ్లీ పీత. నేను నేల మీద కూర్చుని దాని కాళ్లే చూశాను. అది శంఖాన్ని ఈడ్చుకుంటూ బేసిన్ అంచు దాకా నడిచింది.

"పోయండి" అంది ఆవిడ.

సగం తొట్టి నిండాక ఎదురింటి పెద్దాయన గుమ్మంలోకొచ్చాడు. "ఈసారి పడవ ఎంత లోపలికి పోయిందయ్యా?"

"పడవ లేదండీ. ఒడ్డునే, మోకాలి లోతు."

"ఊరుకో, మా దగ్గరా దాస్తావేంటి?" అని నవ్వాడాయన.

సాక్ష్యం చెబుతుందేమోనని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చేపల బకెట్టును మెల్లగా తొట్టిలోకి వంచుతోంది.