మాచర్ల గ్రౌండ్‌లో ఒక ఏడాది ఎక్కువైన అమ్మాయి

ఈ ప్రయాణం నా సరదా కోసం చేసింది కాదు. ఒంగోలు నుంచి ఒక తల్లి ఈ బ్లాగుకు రాసింది. వాళ్ళ పాపకు పదకొండేళ్ళు, ఫుట్‌బాల్ పిచ్చి. జాతీయ యూత్ లీగ్‌లో ఆడే పదమూడేళ్ళ లోపు అమ్మాయిల జట్టొకటి మాచర్లలో ఉందని విని, వచ్చే ఏడాది ఎంపికకు తీసుకెళ్దామనుకుంటోంది. పొద్దున్నే చేరగలమా, ఎక్కడ తినాలి, గ్రౌండ్ దగ్గర బాత్రూమ్ ఉంటుందా అని వరసగా అడిగింది. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని, ఫుట్‌బాల్ గురించి తెలిసిందల్లా చేత్తో ముట్టుకోకూడదని మాత్రమే. తెలియనిది తెలిసినట్టు రాయడం నాకు చేతకాదు. అందుకని ఈ ఏడాది ఎంపిక జరిగే ఫిబ్రవరి ఆదివారం చూసుకుని నేనే బయల్దేరాను.

ఒంగోలు నుంచి వచ్చేవాళ్ళు చిలకలూరిపేటలో దిగి నరసరావుపేట చేరి, అక్కడి నుంచి మాచర్ల బస్సు పట్టుకోవాలి. నేనూ ఆ దారినే ఎంచుకుని శనివారం రాత్రి నరసరావుపేట బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాను. గదికి ఏడు వందలు తీసుకున్నారు, దోమలను ఉచితంగా ఇచ్చారు. పొద్దున ఐదూ యాభైకి మాచర్ల బస్సు. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు, మగవాళ్ళకు నూట యాభై లోపు అవుతుంది. ఆదివారం కదా, ఖాళీగా ఉంటుందనుకున్నాను. పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, మిరపకాయల కోతకు పోయే కూలీలు కలిసి నన్ను కిటికీకి అదిమేశారు.

నా పక్కన కూర్చున్నావిడ పేరు ఏసమ్మ. బొల్లాపల్లి దగ్గర పల్లె. తెల్ల చీర, ఒళ్ళో ఒక గుడ్డ సంచి, దాని మీద రెండు చేతులు. కండక్టర్ ఆమె ఆధార్ చూసి నవ్వాడు. జనవరి ఒకటిన పుట్టినోళ్ళు ఈ ఒక్క బస్సులోనే ఇరవై మంది ఉంటారమ్మా అన్నాడు. పుట్టినరోజు తెలియనివాళ్ళందరికీ ఆధార్‌లో ఆ తేదీయే పడుతుంది మరి. నేను నవ్వలేదు. నా సర్టిఫికెట్లో పుట్టినరోజు జూన్ ఒకటి. బడులు తెరిచే కాలానికి ఐదేళ్ళు నిండినట్టు మా నాన్న వేయించిన తేదీ అది. నేను పుట్టింది ఆగస్టులో. ఆ లెక్కన నేను రెండు నెలల ముందే రిటైరవుతాను.

ఆ మాట ఆమెతో అన్నాను. ఎందుకన్నానో గానీ, ఏసమ్మ సంచి మీంచి చేతులు తీసింది. లోపల పాల కవరులో చుట్టిన పాత టీకాల కార్డు. మనవరాలు రూతుదట. పిల్ల మాచర్లలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఎడమకాలితో బంతి కొడితే మగపిల్లలు కూడా పక్కకు తప్పుకుంటారట. ఈ రోజు లీగ్ జట్టుకు పేర్లు రాసుకుంటారు. పిల్లకు నిజంగా పన్నెండేళ్ళే. బడి కాగితాల్లో మాత్రం ఒక ఏడు ఎక్కువ. ఆ ఏడు ఎక్కువ వేయించింది తనేనని చెప్పింది.

"ఆ ఏడు మా పల్లెలో అంగన్‌వాడీ టీచరమ్మ లేదమ్మా. తెల్లారకముందే కోతకి పోవాల. దీన్ని ఎవురి దగ్గర వదలాల? ఐదేళ్ళు నిండితేనే ఒకటో తరగతన్నారు. నిండినయ్యని నేనే చెప్పా. సారు రాసుకున్నాడు. బళ్ళో అన్నం పెట్టారు, నీడన కూచుంది. అంతకంటే నాకేం తెలుసు?"

నిన్నంతా ఆమె నరసరావుపేటలో ఆఫీసుల చుట్టూ తిరిగి, తెలిసినవాళ్ళింట్లో పడుకుందట. తేదీ మార్చాలంటే ముందు పుట్టిన చోట సర్టిఫికెట్ తీసుకోవాలి, తర్వాత బడిలో అర్జీ పెట్టాలి, వారాలు పడుతుందని చెప్పి పంపారు. ఎంపికకు మిగిలింది ఒక్క పూట. ఆమె చేతిలో ఉన్నది ఆ కార్డు ఒక్కటే.

పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొడి చెట్ల మీద, బండ్ల మీద, బస్సు అద్దాల మీద తెల్లగా పేరుకుంది. అది దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు బస్సు మొత్తం దగ్గింది. రుమాలు తడిపి ముక్కుకు పెట్టుకోండి, ఈ కాలంలో వచ్చేవాళ్ళకు చెప్తున్నాను. గురజాలలో పది నిమిషాలు ఆపారు. టీ తాగుతూ తిరుగు బస్సు గురించి డ్రైవర్‌ను అడిగాను. నాలుగున్నరది వదలొద్దన్నాడు, దాని తర్వాతది ఎప్పుడొచ్చిద్దో దానికే తెలవదన్నాడు. టీ పది రూపాయలు. పాలు తక్కువ, చక్కెర ఎక్కువ. గురజాల నుంచి రెంటచింతల మీదుగా ముప్పావుగంట. పొలాల గట్లకు కూడా నాపరాళ్ళే నిలబెట్టారు.

ఎనిమిదీ నలభైకి మాచర్లలో దిగాం. బస్టాండ్ బయట ఒక ఇడ్లీ బండి ఉంది. నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు, కారప్పొడి అడిగితేనే వేస్తారు, అడగండి. గ్రౌండ్‌కు దారి అడిగితే బండి ఆవిడ, మస్తాను పిల్లల కాడికేనా అని అడిగింది. ఆ పిల్లలు ఆటయ్యాక వచ్చి తలా ఎనిమిది ఇడ్లీలు తింటారట, చట్నీ రెండుసార్లు రుబ్బుకోవాలట. ఆమె తిడుతోందో మురుస్తోందో పోల్చుకోలేకపోయాను. ఏసమ్మకు ప్లేటు ఇవ్వబోతే, పని అయినాక తింటానంది. ఆటోకు ఇరవై ఇచ్చి గ్రౌండ్‌కు వెళ్ళాం.

గ్రౌండ్ అంటే హైస్కూలు వెనకాల ఎర్రమట్టి నేల. చుట్టూ నాపరాళ్ళ కంచె, రెండు వైపులా ఇనుప గోల్‌పోస్టులు, ఒకదానికి వల కూడా లేదు. బాత్రూమ్ హైస్కూలు లోపల ఉంది, వాచ్‌మన్‌ను తాళం అడగాలి, నీళ్ళు వస్తున్నాయి. కోచ్ మస్తాన్ గారు స్టేషన్ రోడ్డులో మోటర్‌సైకిల్ మెకానిక్. కుర్రతనంలో జిల్లాకు ఆడారట. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలతో, తర్వాత షాపులో. గోళ్ళలో ఆయిల్ మరక పోలేదు. ఆ రోజు ముప్పై మంది అమ్మాయిలు రెండు జట్లుగా ఆడుతున్నారు.

కాసేపు చూశాక ఒక వింత గమనించాను. బంతి పోగొట్టుకున్న పిల్ల ఆగి, చెయ్యెత్తి "నాది" అంటోంది, తప్పు తనదని. మిగతావాళ్ళు ఒక్క మాట అనరు, విసుక్కోరు. ఆ తర్వాత బంతి దొరికినవాళ్ళు దాన్ని ముందుగా ఆ తప్పు చేసిన పిల్లకే అందిస్తున్నారు. ఇదేం పద్ధతని మస్తాన్ గారిని అడిగాను.

"షాపుకి బండి తెచ్చినోడు ఏం చేశాడో చెప్పడు మేడమ్. దానంతటదే ఆగిపోయిందంటాడు. నేను మొత్తం ఊడదీయాల. ఇక్కడ చెడిందని వాడే చెప్తే సగం రిపేరు అయిపోయినట్టే. చెప్పిన పిల్లకి బంతి ఇయ్యాల. లేకపోతే రేపటి నుంచి చెప్పదు."

రూతును వేరేగా చూపించాల్సిన పని పడలేదు. బక్కపల్చటి పిల్ల, రెండు జడలు మడిచి కట్టుకుంది. ఆట తెలియని నాకే తెలుస్తోంది, బంతి ఎటు పోతుందో ఆ పిల్ల ముందే అటు వెళ్ళి నిలబడుతోంది. నాయనమ్మను చూసి ఒకసారి కళ్ళెగరేసి మళ్ళీ ఆటలో పడిపోయింది.

వేపచెట్టు కింద బల్ల వేసుకుని గుంటూరు నుంచి వచ్చిన రిజిస్ట్రేషన్ మేడమ్ కాగితాలు చూస్తోంది. పద్దెనిమిది పేర్లు, సాయంత్రం ఐదుకు ఆన్‌లైన్‌లో మూసేస్తారు. రూతు బడి సర్టిఫికెట్ ప్రకారం పదమూడేళ్ళ హద్దుకు ఐదు నెలలు ఎక్కువ. నిజం లెక్కలో ఏడు నెలలు తక్కువ. వచ్చే ఏడాదికి నిజం లెక్కలో కూడా హద్దు దాటిపోతుంది. అంటే ఈ జట్టులో ఆడడానికి ఇదే ఆఖరి ఏడు. పై వయసు జట్టు మాచర్లలో లేదు, గుంటూరు పోవాలి.

ఏసమ్మ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మేడమ్ దాన్ని తోసేయలేదు, చదివింది. ఆసుపత్రి ముద్ర ఉంది, తేదీ ఉంది, టీకాలన్నీ ఉన్నాయి. పేరు దగ్గర మాత్రం 'బేబీ ఆఫ్ కుమారి' అని ఉంది. కుమారి రూతు వాళ్ళమ్మ. ఆమెకు ముగ్గురు పిల్లలు. ఈ బేబీ ఏ బేబీ అని మేడమ్ అడిగింది.

ఏసమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళూ బడిలో వయసు ఎక్కువ పడిందనే చెప్తారమ్మా. మీసాలొచ్చిన పిల్లగాళ్ళను తెచ్చి కూడా అదే చెప్తారు. మీరు చెప్పేది నిజమేనని నాకు అనిపిస్తోంది. కానీ అబద్ధం చెప్పేవాళ్ళు తెచ్చే కాగితం కూడా అచ్చం ఇలానే ఉంటుంది. నేనేం చేయను?"

అక్కడే నిలబడ్డ ఒక పిల్ల తండ్రి మస్తాన్ గారిని పక్కకు పిలిచాడు. పిడుగురాళ్ళ పిల్ల ఒకతె జ్వరంతో రాలేదు, ఆమె కాగితాలు వచ్చి ఉన్నాయి, ఆ పేరు మీద రూతును ఆడించేయమని సలహా. ఎవరు చూడొచ్చారని అన్నాడు. మంచి మనిషే, పిల్ల మీద జాలితోనే చెప్తున్నాడు. ఏసమ్మ ముఖం వెలిగింది. నిజం చెప్పొద్దూ, నా మనసు కూడా ఒక్క క్షణం అటే లాగింది. మస్తాన్ గారు గొంతు పెంచలేదు.

"అట్టాగే ఆడిద్దాం. రూతు గోల్ కొడితే ఎవరి పేరు పెట్టి పిలవాల?"

మేడమ్ ఆ పాత కార్డును ఫోన్‌తో ఫోటో తీసుకుంది. ఒక తెల్లకాగితం మీద ఏ ఆఫీసులో ముందు ఏది అడగాలో వరసగా రాసి ఏసమ్మకు ఇచ్చింది. తేదీ సరైతే పై జట్టులో ఈ పిల్లకు ఒక ఏడాది ఎక్కువ దొరుకుతుందని, వదిలేయొద్దని చెప్పింది. ఏసమ్మ కాగితం మడిచి కార్డుతో పాటు పాల కవరులో పెట్టుకుంది.

ఆట ఆగాక మస్తాన్ గారు పద్దెనిమిది పేర్లు చదివారు. రూతు పేరు లేదు. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "లిస్టులో లేవు. రేపు ఆరింటికి రా," అన్నారు, అంతే. రూతు తలూపింది. ఏడవలేదు. బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది, మళ్ళీ విప్పింది. తర్వాత లేచి, పేర్లు వచ్చిన పిల్లలతో కలిసి ఆఖరి ఆటలోకి దిగింది.

ఏసమ్మ నా పక్కనే నిలబడి ఉంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కాసేపటికి చెప్పులతోనే నడుచుకుంటూ గ్రౌండ్ అంచు దాకా పోయింది. ఎవరూ పిలవలేదు. సున్నం గీత దగ్గర ఆగి, కుడిచెయ్యి పైకెత్తి, "నాది" అంది. గొంతు సరిగా పలకలేదు. ఇంకోసారి గట్టిగా, "నాదేనే," అంది.

ఆట ఆగిపోయింది. ముప్పై మంది పిల్లలు, ఒక్కరూ నవ్వలేదు. బంతి రూతు కాలి దగ్గరే ఉంది. ఆ పిల్ల అటూ ఇటూ చూడలేదు. ఎడమకాలి పక్కతో మెల్లగా నాయనమ్మ వైపు బంతి తోసింది. ఏసమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, అరిగిపోయిన హవాయి చెప్పుతో బంతిని ఆపింది.

నాలుగున్నర బస్సుకే వెనక్కు వచ్చాను. ఏసమ్మ బస్టాండ్‌లో ఆరు ఇడ్లీలు తిన్నది, నేను డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. పిల్లలను ఆటగాళ్ళుగా తయారు చేయడం అంటే పరుగులు, వ్యాయామాలు, పోషకాహారం అనుకుంటూ వెళ్ళినదాన్ని. అవీ ఉంటాయి లెండి. నాకు గుర్తున్నది మాత్రం ఆ ఎత్తిన చెయ్యి. ఆ రోజు ఎవరూ తప్పు చేయలేదనీ అనలేను, ఎవరి మీదా కోపం తెచ్చుకోలేను. ఆకలేసిన పిల్లకు అన్నం దొరకాలని ఎనిమిదేళ్ళ కింద ఒక మనిషి ఒక మాట చెప్పింది. ఆ మాట అన్నం పెట్టింది. ఇప్పుడు అదే మాట ఆటను అడ్డుకుంది. మా నాన్న నాకు జూన్ ఒకటి వేయించిన రోజు కూడా ఆయన ముఖం ఏసమ్మ ముఖంలానే ఉండి ఉంటుంది. ఎన్నడూ అడగలేదు.

ఒంగోలు అమ్మా, మీ ప్రశ్నలకు జవాబులు పైన ఉన్నాయి. ఐదూ యాభై బస్సు ఎక్కితే తొమ్మిదిలోపు చేరతారు, కారప్పొడి అడగండి, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. మీరు అడగనిది ఒకటి చెప్తాను. బీరువాలోంచి పాప బర్త్ సర్టిఫికెట్ ఇవాళే తీయండి. తేదీ బడి కాగితంతో కలుస్తోందో లేదో చూడండి, పేరు ఉందో లేదో చూడండి. పేరు లేకపోతే పుట్టిన ఊరి సచివాలయంలోనో మున్సిపాలిటీలోనో రేపే అర్జీ పెట్టండి. బూట్లు తర్వాత కొనొచ్చు.