కాగితం మీది అరవై అయిదు

ఇన్సూరెన్స్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి ఆ పనే చేసి జీతం తీసుకున్నదాన్ని, అలా అనకూడదు. అయినా మండుతుంది.

డెబ్బైల చివర మేం అరిజోనాలోని చాండ్లర్ వచ్చేసరికి ఊరి చుట్టూ ఇంకా పత్తి చేలే ఉండేవి. మా ఆయనకి కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. పిల్లలు స్కూల్లో పడ్డాక నేనొక కంటి డాక్టరు క్లినిక్‌లో చేరాను. పేషెంట్ల ఇన్సూరెన్సు కాగితాలు టైపు చేసి పంపడం నా పని. దగ్గర్లో ఎయిర్ ఫోర్స్ బేస్ ఉండడంతో మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది సైన్యంలో రిటైరైనవాళ్ళూ, వాళ్ళ భార్యలూ, భర్త పోయిన ఆడవాళ్ళూ. వాళ్ళకి సైన్యం తరఫున ఒక ఇన్సూరెన్సు ఉండేది. అరవై అయిదు నిండగానే అది పోయి, ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే మెడికేర్ వచ్చేది. ఒకటి పోతుంది, ఒకటి వస్తుంది, అంతే. చేరిన వారంలోనే నాకు ఇదంతా కొట్టినపిండి అయిపోయిందని అనుకున్నాను.

ఒకరోజు టైపు మిషన్ రిబ్బను చుట్టుకుపోయి చేతులనిండా సిరా అయింది. ఎవరికీ అర్థం కాదు కదా అన్న ధైర్యంతో దాన్ని తెలుగులో నోటికొచ్చినట్టు తిడుతున్నాను.

"నోరులేని మిషన్ని ఎందుకమ్మా అంతేసి మాటలంటావు?"

తలెత్తి చూస్తే కౌంటర్ అవతల గౌను వేసుకుని, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ. చేతిలో కాగితాల మీద అమెరికన్ ఇంటిపేరు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం కౌంటర్ పట్టుకుని పగలబడి నవ్వుతోంది.

గుంటూరు వైపు మనిషి. క్రైస్తవుల మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగ్ అయ్యి, యుద్ధం రోజుల్లో కలకత్తా వెళ్ళిందట. అక్కడ విమానాలు బాగుచేసే ఒక అమెరికన్ సోల్జర్ని పెళ్ళి చేసుకుంది. ఆయన వెంట బేస్ తర్వాత బేస్ తిరిగి, ఆయన రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. మేం వచ్చేనాటికి ఆయన పోయాడు, పిల్లలు లేరు. ముప్ఫై ఏళ్ళ పైగా ఆవిడ తెలుగు మాట్లాడిందల్లా దేవుడితోనే.

ఆ శనివారమే మా ఇంటికి టీకి పిలిచాను. పిన్నిగారూ అని వరస కలిపేశాను. అప్పట్లో మాకు ఓడ మీద తెలుగు వారపత్రికలు వచ్చేవి, రెండు మూడు నెలలు ఆలస్యంగా. ఆవిడ కంట ఒకటి పడింది. తీసుకుని మొదట అక్షరం అక్షరం కూడబలుక్కుంది. తర్వాత ఒక వాక్యం. తర్వాత టీ చల్లారిపోయినా తల ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు పాతవన్నీ సంచీలో వేసుకుపోయింది. అది మొదలు ప్రతి శనివారం రావడం, చదివినవి తిరిగివ్వడం, కొత్తవి పట్టుకెళ్ళడం. సీరియల్‌లో ఒక భాగం మధ్యలో పోతే పోస్టాఫీసు వాళ్ళని నాకంటే ఎక్కువ శాపనార్థాలు పెట్టేది. చదవడం తప్ప ఆవిడకి ఈ లోకంలో వేరే సరదా ఉన్నట్టు నేను చూడలేదు.

కళ్ళు మాత్రం బాగాలేవు. గ్లకోమా. మన వైపు నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు చుట్టుపక్కల నుంచి మెల్లగా తినేసుకుంటూ వస్తుంది. ఎడమ కన్ను అప్పటికే చాలావరకు పోయింది. కుడి కంటికి చుక్కల మందు వేసుకుంటూ, మా డాక్టరుకి చూపించుకుంటూ ఉండేది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి అని ఆయన ప్రతిసారీ చెప్పేవాడు.

ఒక శనివారం మాటల్లో వయసులు వచ్చాయి. మా నాన్నకి రెండు పుట్టినరోజులని చెప్పాను. బడిలో హెడ్మాస్టరు ఏడాదిన్నర తగ్గించి రాశాడు, దాంతో ఆయన రిటైర్మెంటు అంత ఆలస్యమైంది. ఆవిడ తొడ మీద చరుచుకుంది.

"మీ నాన్నకి తగ్గించారు, నాకు పెంచారే! పద్దెనిమిది నిండితేగాని నర్సు ట్రైనింగులో చేర్చుకోరు. నాకేమో పదహారు. మా అమ్మ వెళ్ళి మిషన్ బళ్ళో అయ్యగారి కాళ్ళావేళ్ళా పడి రెండేళ్ళు ఎక్కువ రాయించింది. ఇంట్లో తిండి లేదు, హాస్టల్లో అన్నం పెడతారు గదా అని."

"అయితే మీరు మీకంటే రెండేళ్ళు పెద్దన్నమాట," అన్నాను.

ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. మన వైపు ఇది ఇంటింటి భాగోతమే కదా. పకోడీలు ఇంకో వాయి వేశాను.

ఆ తర్వాత ఏడాది వసంతంలో ఆవిడ క్లినిక్‌కి రావడం మానేసింది. శనివారాలు మాత్రం వస్తూనే ఉంది. అడిగితే, బేస్‌లోనే చూపించుకుంటున్నానమ్మా అంది. బేస్ ఆస్పత్రిలో ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరి పనీ అయ్యాక, ఖాళీ ఉంటే ఇలాంటివాళ్ళని చూస్తారు. సరే, వీలు కుదిరిందేమో అనుకున్నాను. చలికాలం మొదలవుతుండగా ఒకసారి పత్రిక ఇస్తే, దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చి, పక్కకి తిప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. కంటి డాక్టర్ని చూసి ఎన్నాళ్ళయింది?"

అప్పుడు బయటపడింది. ఆ వసంతంలో కాగితాల ప్రకారం ఆవిడకి అరవై అయిదు నిండాయి. మెడికేర్ కార్డు దానంతట అదే పోస్టులో వచ్చింది. మెడికేర్‌లో రెండు భాగాలుంటాయి. ఆస్పత్రిలో చేరితే ఇచ్చేది మొదటిది, అది ఊరికే వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తే ఇచ్చేది రెండోది, దానికి నెలనెలా కొంత కట్టాలి, అక్కర్లేదంటే అక్కర్లేదని రాసి పంపొచ్చు. ఆవిడ అక్కర్లేదని రాసి పంపేసింది.

"ఎందుకు పంపారండీ?" గట్టిగానే అరిచాను.

"నాకింకా అరవై మూడే గదమ్మా. ముసలోళ్ళకిచ్చేది నా వంతు రాకుండానే తీసుకుంటే తప్పు కాదా? ఇంకో రెండేళ్ళు మా ఆయన ఇన్సూరెన్సు ఉంటుంది గదా, ఆ పైన చూద్దాంలే అనుకున్నా."

కానీ సైన్యం వాళ్ళకి తెలిసింది కాగితం మీది వయసే. మెడికేర్ మొదటి భాగం ఆవిడ పేరు మీదికి వచ్చిన రోజునే పాత ఇన్సూరెన్సు ఆగిపోయింది. రెండోదేమో తనే వద్దంది. డాక్టరు ఫీజుకి ఇటు ఇదీ లేదు, అటు అదీ లేదు. బేస్‌లో కంటి డాక్టరు బదిలీ మీద వెళ్ళిపోతే, కొత్తాయన వచ్చేదాకా పాత చుక్కల మందే వేసుకుంటూ కూర్చుంది. ఈ సంగతి నాకు చెబితే డబ్బు సాయం అడిగినట్టుంటుందని చెప్పలేదట. ఇంత పిచ్చి మర్యాద మనవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఉండదు.

సోమవారమే సెలవు పెట్టి ఆవిణ్ణి కార్లో ప్రభుత్వ ఆఫీసుకి తీసుకెళ్ళాను. కౌంటర్‌లో ఉన్న నల్లావిడ ఓపిగ్గా అంతా వింది. రెండో భాగానికి మళ్ళీ చేరాలంటే జనవరి నుంచి మార్చి లోపల రాసివ్వాలి, అది జులైలో మొదలవుతుంది అని చెప్పింది. జులై అంటే ఇంకా ఎంతో దూరం. అప్పుడు నేను గభాలున రెండు పుట్టినరోజుల సంగతి చెప్పేశాను. కౌంటర్ ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"అసలు వయసు తక్కువని రుజువు తెస్తే రికార్డు మార్చమని అడగొచ్చు. అరవై అయిదు ఇంకా నిండలేదని తేలితే మీ పాత ఇన్సూరెన్సు మీకు తిరిగి రావచ్చు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మిషన్ చర్చిలో బాప్తిస్మం రాసుకుంటారు, అందులో అసలు తేదీ ఉండే ఉంటుంది, ఈ రాత్రే గుంటూరుకి ఉత్తరం రాద్దాం అని తెలుగులో గబగబా చెబుతున్నాను. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది.

"పద పోదాం," అంది.

కార్లో కూర్చున్నాక చెప్పింది. "పెళ్ళి కాగితం మీద ఆ వయసే ఉంది. ఈ దేశం వచ్చిన కాగితం మీద అదే. పౌరసత్వం కాగితం మీదా అదే. ఇప్పుడు అది అబద్ధమని నేనే నోటితో చెప్పుకుంటే? నల్లపిల్లని కట్టుకున్నాడని ఆయన్ని తోటివాళ్ళు ఎన్ని మాటలన్నారో నీకు తెలీదు. దొంగ కాగితాలతో పెళ్ళాన్ని తెచ్చుకున్నాడని ఇప్పుడు, ఆయన పోయాక అనిపించమంటావా?"

"ఎవరూ అలా అనరు పిన్నిగారూ. ఎప్పటి మాట అది!"

"నువ్వు వచ్చిన రోజులు వేరు, నేను వచ్చిన రోజులు వేరు."

ఇంటిదాకా వాదించాను. ఆ తర్వాత వారమంతా ఫోన్లో వాదించాను. మా డాక్టరుతో చెబితే, ఫీజు సంగతి తర్వాత, ముందు తీసుకురా, లేజర్ చెయ్యాలి అన్నాడు. మంచివాడు. ఆవిడ వింటేనా! ఊరికే చేయించుకోను, జులైలో హక్కుగా చేయించుకుంటాను అంది. మా ఆయన వెళ్ళి చెప్పాడు. పిల్లల చేత చెప్పించాను. పసిపిల్లని బుజ్జగించినట్టు బుజ్జగించాను, తర్వాత తిట్టాను. ఎంత చెప్పినా మాట తీసి అవతల పెట్టేది. జనవరిలో రెండో భాగానికి నేనే దగ్గరుండి రాయించాను. జులై ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడ్డం తప్ప చేసేదేమీ లేకపోయింది. అరిజోనా ఎండల్లో జులై కోసం ఎదురుచూసిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జులైలో లేజర్ చేశారు. కంటి ఒత్తిడి దిగింది. ఉన్న చూపు నిలుస్తుంది, పోయింది రాదు అన్నాడు డాక్టరు. అప్పటికి కుడి కంటిలో మిగిలింది ఇంతే: మనిషి వస్తే మనిషని తెలుస్తుంది, గిన్నె ఎక్కడుందో తెలుస్తుంది. అక్షరం మాత్రం దొరకదు. ఆ ఎనిమిది, తొమ్మిది నెలల్లోనే అది పోయింది. మొండితనం అనాలో, ఆత్మాభిమానం అనాలో, ఒక తల్లి కూతురికి అన్నం దొరకాలని రాయించిన రెండేళ్ళు అనాలో నాకు ఇవాళ్టికీ తెలీదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే ఈ బాధ కొంచెం తగ్గేదేమో.

ఇక శనివారాలు నేనే వాళ్ళింటికి వెళ్ళి పత్రికలు చదివి వినిపించేదాన్ని. ఆవిడ కుర్చీలో కళ్ళు మూసుకుని వినేది. ఒకరోజు సీరియల్ సగంలో ఉండగా పిల్లల్ని ఈత క్లాసు నుంచి తీసుకురావాల్సిన టైం అయింది. లేచాను.

"పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా. పొద్దున్నే వెలుతురు బాగా ఉంటుంది, మిగతాది నిదానంగా నేను చదువుకుంటా," అంది.

టేబుల్ మీద పెట్టి వచ్చాను.

మళ్ళీ శనివారం వెళ్ళేసరికి పత్రిక అక్కడే ఉంది. నేనే అడిగాను, చదవనా అని.

"నేను చదివేశాలే. బాగా రాశాడు. అయినా నువ్వు చదువు, ఇంకోసారి వింటా."

అరవై మూడుని అరవై అయిదని ఒప్పుకోలేక ఇంత తెచ్చుకున్న మనిషి, ఆ మాట ఎంత మామూలుగా అనేసిందో. నేను ఆపిన చోటు వెతుక్కుని మొదలుపెట్టాను. కథలో పెద్ద కొడుక్కి జ్వరం తిరగబెట్టింది. డాక్టరు వచ్చాడు, వెళ్ళాడు. ఇంకో పేరా చదివాను. తెల్లారేసరికి ఆ కుర్రాడు లేడు.

"అయ్యయ్యో! పోయాడా?" అంది పిన్నిగారు, కుర్చీలో ముందుకి వంగి.

నేను తల ఎత్తలేదు. చదువుతూనే ఉన్నాను.